టేబుల్ టెన్నిస్ జాతీయ జట్టు ఎంపిక: అపోహలు – వాస్తవాలు

కర్నూలు, కడప, అనంతపురంలో పిల్లల్ని టేబుల్ టెన్నిస్‌లో చేర్చిన తల్లిదండ్రుల నోట తరచూ వినబడే మాటలివి.

అపోహ: "రికమండేషన్ లేంది టీంలోకి తీసుకోరంట సార్."

వాస్తవం: సెలక్టర్లు కూర్చునేసరికే చాలావరకు లెక్క తేలిపోయి ఉంటుంది. 2022 కామన్వెల్త్ క్రీడలకు పెట్టిన కొలత ఇది: దేశవాళీ ఫలితాలకు 50 శాతం, అంతర్జాతీయ ఫలితాలకు 30, సెలక్టర్ల విచక్షణకు 20. గొడవలన్నీ ఆ 20 దగ్గరే. ఆ ఏడాది మహిళల జాబితాలో మొదట అర్చనా కామత్ పేరుంది. దియా చితాలే ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాక ఆ చోటు దియాకు దక్కింది. విచక్షణ ఉండాల్సిందే. కానీ ఎందుకు వాడారో అప్పుడే రాసిపెట్టాలి, లేకుంటే ఎంత మంచి ఎంపికైనా అనుమానం తప్పదు.

అపోహ: ప్రపంచ నంబర్ వన్‌ను ఓడిస్తే ఒలింపిక్స్ చోటు ఖాయం.

వాస్తవం: 2024 ఫిబ్రవరిలో బుసాన్‌లో జరిగిన ప్రపంచ టీమ్ పోటీల్లో మన ఐహికా ముఖర్జీ చైనాకు చెందిన నంబర్ వన్ సున్ యింగ్షాను ఓడించింది. అయినా పారిస్ ఒలింపిక్స్‌కు రిజర్వ్‌గానే వెళ్లింది. ముగ్గురి జట్టులో మూడో చోటు ప్రపంచ ర్యాంకులో ముందున్న అర్చనకు వచ్చింది. అక్కడ టీమ్ క్వార్టర్ ఫైనల్లో జర్మనీపై మన జట్టు గెలిచిన ఒకే ఒక్క మ్యాచ్ అర్చనదే. బాధ కలిగించే ఎంపికే, తప్పు ఎంపిక మాత్రం కాదు.

ప్రపంచ ర్యాంకు ఎలా వస్తుందో తెలిస్తే ఇది అర్థమవుతుంది. గత 12 నెలల్లో బాగా ఆడిన 8 టోర్నీల పాయింట్లనే కూడతారు. డబ్ల్యూటీటీ (వరల్డ్ టేబుల్ టెన్నిస్) అంతర్జాతీయ టోర్నీలకు స్థాయిలున్నాయి: సింగిల్స్ విజేతకు ఫీడర్‌లో 125, కంటెండర్‌లో 400, స్టార్ కంటెండర్‌లో 600 పాయింట్లు. ఏడాది నిండగానే పాత పాయింట్లు రాలిపోతాయి. గాయంతో నాలుగు నెలలు ఆగినవాళ్లు ఆట తగ్గకున్నా ర్యాంకులో జారేది అందుకే. ఏ పాయింట్లు ఏ వారం పోతాయో పట్టిక రాసుకుని, ఆలోపు ఎంట్రీలు వేసుకోవాలి.

అపోహ: ముగ్గురు మంచి సింగిల్స్ ఆటగాళ్లుంటే జట్టు అయినట్టే.

వాస్తవం: ప్రపంచ టీమ్ పోటీల్లో అంతే, రెండు జట్ల మధ్య అయిదు మ్యాచ్‌లూ సింగిల్సే. టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లో మాత్రం మొదటి మ్యాచే డబుల్స్. ఆ జోడీలో ఒక్కొక్కరు ఆ తర్వాత ఒక్కో సింగిల్స్, మూడో మనిషి రెండు సింగిల్స్ ఆడతారు. కుడి, ఎడమ చేతివాటాల జోడీకి కదలిక సులువు, ఒకరికొకరు అడ్డురారు. అందుకే ఎడమచేతి పిల్లలకు పదమూడేళ్లలోపే డబుల్స్ సాధన మొదలుపెట్టించండి.

అపోహ: బ్యాట్‌కు పింపుల్స్ రబ్బరు (పైన బుడిపెలుండే రబ్బరు) వాడేవాళ్లను పక్కన పెడతారు.

వాస్తవం: భారత జట్టుకు ఆడిన మనికా బాత్రా బ్యాక్‌హ్యాండ్‌కు లాంగ్ పింపుల్సే (పొడవాటి బుడిపెల రబ్బరే) వాడుతుంది.

అపోహ: సీమ పిల్లల్ని ఎవరూ చూడరు.

వాస్తవం: ముందుగా చూసేది ఫలితాల పట్టికనే. జిల్లా పోటీలు, రాష్ట్ర ర్యాంకింగ్ టోర్నీలు, ఆపైన జాతీయ ర్యాంకింగ్ టోర్నీలు, దారి ఇదే. మనవాళ్లు వెనకబడేది ఎక్కువగా ఆటలో కాదు, కాగితాల్లో. ఎంట్రీ గడువు దాటితే ఆ టోర్నీ పాయింట్లు సున్నా. పుట్టిన తేదీ ఆధార్‌లో ఒకటి, జనన ధ్రువపత్రంలో ఒకటి ఉంటే అండర్-13, అండర్-15 విభాగాల్లో చిక్కులొస్తాయి. పిల్లవాడు తొలి జిల్లా పోటీ ఆడకముందే ఆ రెండూ సరిచేయించండి.