ముందు తూకం, ఆ తర్వాతే ఎగరేయడం

చిరంజీవులకు ఆశీస్సులు.

సెలవులకు డ్రోన్ కొనిపెట్టమని ఇంట్లో అడుగుతున్న పిల్లలు ఇది కొనకముందే చదవండి. మన దేశంలో ఇప్పుడు నడుస్తున్నవి 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్. 2022లోనూ 2023లోనూ వాటికి సవరణలు జరిగాయి. అంతకుముందు నాటి నియమాలు చెప్పే వీడియోలు ఇంకా తిరుగుతున్నాయి కాబట్టి, ఏది చూసినా ముందు దాని తేదీ చూడండి.

మొట్టమొదటి పని తూకం. వంటింటి డిజిటల్ కాటా మీద డ్రోన్‌ను బ్యాటరీ, మెమరీ కార్డు, రెక్కల చుట్టూ బిగించే గార్డులతో సహా పెట్టండి. చట్టం చూసేది మోసే సరుకుతో కలిపిన మొత్తం బరువునే. 250 గ్రాముల వరకు నానో, అది దాటితే 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్, 150 కిలోల వరకు మీడియం, ఆపైన లార్జ్. అట్టపెట్టె మీద 249 గ్రాములని రాసి ఉన్న డ్రోన్‌కు గార్డులు తగిలించినా, పెద్ద బ్యాటరీ వేసినా అది నానో కాకుండా పోతుంది. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

ఇక పైలట్ సర్టిఫికెట్ సంగతి. నానో ఎగరేయడానికి అది అక్కర్లేదు. మైక్రోకైతే సరదాకి ఎగరేసినంత వరకు అక్కర్లేదు. అక్క పెళ్లిలో ఊరికే వీడియో తీస్తే సరే, అదే మైక్రోతో పక్కింటి పెళ్లికి డబ్బులు తీసుకుని తీస్తే సర్టిఫికెట్ ఉండాల్సిందే. 2 కిలోలు దాటితే సరదా, వ్యాపారం అన్న తేడా లేదు. 10 లీటర్ల ట్యాంకుతో మందు కొట్టే డ్రోన్లు సాధారణంగా స్మాల్ తరగతిలోకి వస్తాయి. సొంత పొలంలో ఎగరేసినా వాటికి సర్టిఫికెట్ కావాలి.

ఆ సర్టిఫికెట్‌కు 18 ఏళ్లు నిండాలి, 65 దాటకూడదు, పదో తరగతి పాసై ఉండాలి. పౌర విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ డీజీసీఏ అనుమతి ఉన్న శిక్షణ సంస్థలోనే నేర్చుకుని పరీక్ష పాసవ్వాలి. హైదరాబాద్‌లోని తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ అలాంటిదే. గుర్తింపుకు పాస్‌పోర్టే ఉండాలన్న నియమం 2023లో పోయింది, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు లాంటివి చాలు. ప్రభుత్వ రుసుము 100 రూపాయలే, అసలు ఖర్చంతా కోర్సు ఫీజుదే. అందుకే డబ్బు కట్టేముందు ఆ సంస్థ పేరు డీజీసీఏ జాబితాలో ఉందో లేదో చూసుకోండి, అనుమతి లేని చోట ఇచ్చే కాగితం ఎందుకూ పనికిరాదు. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది, అయితే దాని మీద రాసిన తరగతి డ్రోన్లకే.

రిజిస్ట్రేషన్ వేరే సంగతి. అది మనిషికి కాదు, డ్రోన్‌కి. డీజీసీఏ ఆన్‌లైన్ పోర్టల్‌లో డీ-2 ఫారం నింపి 100 రూపాయలు కడితే యూఐఎన్ అనే నంబరు వస్తుంది. నానోకు కూడా ఈ రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు రాయలేదు. ఈ నంబరు మూడు సీరియల్ నంబర్లతో ముడిపడి ఉంటుంది: డ్రోన్‌ది, లోపలి ఫ్లైట్ కంట్రోలర్‌ది, చేతిలోని రిమోట్‌ది. డ్రోన్ పడిపోయి కంట్రోలర్ బోర్డు మార్పించారనుకోండి, 7 రోజుల్లో కొత్త సీరియల్ నంబరు పోర్టల్‌లో ఎక్కించాలి. రిపేరు షాపులో ఈ మాట ఎవరూ గుర్తుచేయరు, మీరే గుర్తుపెట్టుకోవాలి.

దరఖాస్తులు ఎక్కువగా ఆగిపోయేది టైప్ సర్టిఫికెట్ దగ్గర. డ్రోన్ మోడల్‌ను పరీక్షించి తయారీదారుకు ఇచ్చే ధ్రువపత్రం అది. నానోలకు, చదువుకో సరదాకో కళ్లెదుటే ఎగరేసే 25 కిలోల లోపు డ్రోన్లకు అది అక్కర్లేదు. మిగతా వాటికి అది లేకపోతే యూఐఎన్ రాదు. కాబట్టి కొట్లో ధర కంటే ముందు టైప్ సర్టిఫికెట్ నంబరు అడగండి, బిల్లు మీద సీరియల్ నంబరు వేయించుకోండి. అమెరికా నుంచి మామయ్యను తెమ్మని మాత్రం అడగవద్దు. పరిశోధన, రక్షణ లాంటి అవసరాలకు తప్ప విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9న నిషేధించారు. విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే డ్రోన్ పోతుంది, ఆయనకు తలనొప్పి మిగులుతుంది.

ఇంతా చేసి, ఎక్కడంటే అక్కడ ఎగరేయకూడదు. డిజిటల్ స్కై అనే ప్రభుత్వ ఆన్‌లైన్ మ్యాప్ తెరిచి మీరు నిలబడిన చోటు ఏ రంగులో ఉందో చూడండి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఆ హద్దు 200 అడుగులే. 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్యైతే నేల నుంచే ఎల్లో జోన్, అక్కడ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. అంతకంటే దగ్గరైతే రెడ్ జోన్. రెడ్ జోన్‌కు కేంద్ర ప్రభుత్వమే ఒప్పుకోవాలి. హైదరాబాద్ పిల్లలూ, మీకు శంషాబాద్ ఒక్కటే కాదు, బేగంపేట, హకీంపేట, దుండిగల్‌లలో కూడా విమానాలు దిగే రన్‌వేలు ఉన్నాయి. మీ మేడ వీటిలో దేనికి దగ్గరో చూసుకోండి.

నిన్న గ్రీన్‌గా ఉన్న చోటు ఇవాళ కూడా అలాగే ఉంటుందని అనుకోకండి. ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఒక ప్రాంతాన్ని ఒకసారికి 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించవచ్చు. పెద్ద సభలు, జాతరలు, నిమజ్జనాలు ఉన్న రోజుల్లో మ్యాప్‌తో పాటు పోలీసుల ప్రకటనలు కూడా చూడండి. నియమం మీరితే జరిమానా లక్ష రూపాయల దాకా ఉంటుంది.

నానో తప్ప అన్నింటికీ థర్డ్ పార్టీ బీమా ఉండాలి. డ్రోన్ వల్ల ప్రమాదం జరిగితే 48 గంటల్లో పోర్టల్ ద్వారా డీజీసీఏకి తెలియజేయాలి. తిడతారని భయపడి దాచకండి, ముందు ఇంట్లో చెప్పండి, పెద్దవాళ్లతో కలిసి కూర్చుని ఆ ఫారం నింపండి.

మీ తాతయ్య