రంగులు వేయించాక పోయిన గుమికి

రాజోలు దగ్గరి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. పాతికేళ్లుగా ఇంట్లో మోగుతున్న స్టీరియో సెట్టును గోడలకు రంగులు వేయించడం కోసం విప్పి, పని పూర్తయ్యాక మళ్లీ అమర్చారట. అప్పటినుంచి పాట సన్నబడింది, గొంతు ఎటునుంచి వస్తోందో తెలియడం లేదు, మృదంగం టకటకలాడుతోంది గాని గుమికి, అంటే దాని బరువైన మోత, లేదు. సెట్టు ఆగ్నేయం నుంచి వాయవ్యానికి మారినందువల్లే ఈ దోషమని ఇంటికి వచ్చినవారు తేల్చారట. వాయవ్యాన్ని వదిలేసి స్పీకర్ల వెనక చూడమంటాను. రెండింటిలో ఒకదానికి తీగలు తారుమారై ఉంటాయి.

ఎర్ర టెర్మినల్‌కు వెళ్లవలసిన తీగ నల్లదానికి వెళితే స్పీకరు చెడిపోదు, దాని మోతా తగ్గదు. ఊగి గాలిని నెట్టే గరాటు లాంటి పొర, అంటే కోన్, ముందుకు రావలసిన క్షణంలో వెనక్కి పోతుంది, అంతే. ఒక్క స్పీకరునే వింటే ఈ తేడా చెవికి దాదాపు అందదు. చిక్కంతా రెండూ కలిసి మోగినప్పుడే.

మోటార్లు రాకముందు పల్లపు కాలువ నీటిని మెరక చేలకు గూడ వేసి ఎక్కించేవారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, తాళ్లు కట్టిన బుట్టను ఒకే ఊపుతో ముంచి ఒకే ఊపుతో లేపితే నీరు గట్టు దాటి చేలో పడుతుంది. ఒకరు లాగే క్షణంలో రెండోవారు తాడు వదిలితే ఇద్దరికీ చెమట పడుతుంది, బుట్ట ఒరుగుతుంది, నీరు తిరిగి కాలువలోకే జారుతుంది. తీగలు తారుమారైన జంట స్పీకర్లదీ ఇదే అవస్థ. రెండు పెట్టెల్లో బరువైన స్వరాలు పలికే ఊఫర్లూ నిండుగానే ఊగుతాయి, కరెంటూ ఖర్చవుతుంది, కాని ఎడమది నెట్టిన గాలిని కుడిది లాగేసుకుంటుంది గనుక ఆ బరువైన మోత, అంటే బేస్, మన దాకా రాదు.

మరి సన్నని స్వరాలు ఎలా మిగులుతున్నాయి? కోనసీమ వేడిలో ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. స్పీకర్ల మధ్య 2 మీటర్ల ఎడం ఉంటే ఒకదాని నెట్టు రెండోదాన్ని చేరడానికి 6 మిల్లీసెకన్లు కూడా పట్టదు. 50 హెర్ట్జ్ మోతలో, అంటే సెకనుకు 50 ఊపుల మోతలో, ఒక వైపు కదలిక 10 మిల్లీసెకన్లు సాగుతుంది కాబట్టి, నెట్టు ఇంకా ముగియకముందే అవతలి ఊఫరు దాన్ని మింగడం మొదలుపెడుతుంది. 3500 హెర్ట్జ్ దగ్గర మాత్రం ధ్వని అవతలికి చేరేలోగా కోన్ 40 సార్లు దిశ మార్చేస్తుంది. గూడ పోలిక ఇక్కడ చేతులెత్తేస్తుంది. వినేవారి వైపు నుంచి లెక్క వేస్తే 50 హెర్ట్జ్ తరంగం పొడవు 7 మీటర్లు. ఒక స్పీకరు 30 సెంటీమీటర్లు దగ్గరగా ఉన్నచోట కూర్చుంటే, ఒక్కో స్పీకరు మోతను 1 అనుకున్నప్పుడు, సరైన జంట 1.98 ఇస్తుంది, తారుమారైనది 0.27 ఇస్తుంది. గోడల ప్రతిధ్వని ఈ లెక్కను కొంత మారుస్తుంది. 3500 హెర్ట్జ్ తరంగం పొడవు 10 సెంటీమీటర్లే కాబట్టి తల కాస్త జరిగితే చాలు, రద్దు కావలసినది కూడిక అవుతుంది. తరంగాలు ఇలా కూడడాన్ని, రద్దవడాన్ని వ్యతికరణం అంటారు. ఇంటర్ తరగతుల్లో దాన్ని ఎక్కువగా యంగ్ అనే శాస్త్రవేత్త జంట చీలికల ప్రయోగంతో కాంతికే కట్టిపడేసి చెబుతారు గాని, రెండు స్పీకర్లు తెచ్చి ఒకదాని తీగలు మార్చి వినిపిస్తే ఏ పిల్లవాడూ మరచిపోడు.

పరీక్ష సులువే. సెట్టు ఆపి, స్పీకర్ల తీగలను ఆంప్లిఫయర్ నుంచి ఊడదీసి, 1.5 వోల్టుల బ్యాటరీ సెల్‌ను ఒక్కో జత కొసలకు క్షణకాలం తాకించాలి. ఆంప్లిఫయర్ ఎర్ర టెర్మినల్‌లో ఉన్న కొస రెండు జతల్లోనూ సెల్ ఒకే కొనకు తాకాలి. జాలీ తీసి చూస్తే ఊఫరు కోన్ ముందుకో వెనక్కో కదలడం కనిపిస్తుంది. రెండు పెట్టెల కోన్లూ ఒకే వైపు కదలాలి. లేకపోతే ఒకదాని తీగలు అటుదిటు మార్చాలి.

అవి సరిగ్గానే కదిలితే అనుమానం ఊఫరు అంచు మీదికి మళ్లుతుంది. పాత పెట్టెల్లో ఆ అంచు పాలియురేథేన్ ఫోమ్‌తో చేసినదైతే సముద్రపు తేమకు కుళ్లి, వేలితో తాకగానే పొడిలా రాలుతుంది.  

తిరిగి బిగించేముందు పచ్చబడిన తీగ కొసలను కత్తిరించి, ఎర్రని రాగి కనబడేదాకా తొడుగు ఒలిచి, పోగులన్నీ కలిపి పురిపెట్టాలి. విడిపోయిన ఒక్క పోగు పక్క టెర్మినల్‌ను తాకినా ఆంప్లిఫయర్ కాలిపోవచ్చు.