బర్మాపై ఢిల్లీ మెత్తబడింది 2021లో కాదు, 1993లో

బర్మాలో సైన్యం తన చేతుల మీదుగా ఎన్నికలు జరిపించుకోవడంతో పాత గొడవ మళ్లీ రాజుకుంది. పక్కింట్లో జనాన్ని చంపుతుంటే భారత్ ఎందుకు గట్టిగా మాట్లాడదు? సైన్యం అధికారం లాక్కున్న 2021 ఫిబ్రవరి నుంచి లెక్కపెడితే జవాబు దొరకదు, 1993కి వెళ్లాలి.

అంతకు ఐదేళ్ల ముందు, 1988లో రంగూన్ వీధుల్లో విద్యార్థుల్ని కాల్చినప్పుడు మనవాళ్లు మొహమాటపడలేదు. ప్రజాస్వామ్యం కోరేవాళ్ల పక్షమని బాహాటంగా చెప్పారు, పారిపోయి వచ్చినవాళ్లకు మిజోరం, మణిపూర్‌లలో శిబిరాలు తెరిచారు, ఆకాశవాణి బర్మా ప్రసారాలు జనరళ్లకు మంట పుట్టించాయి, ఆ విభాగంలో మాజీ ప్రధాని ఊ నూ కూతురే పనిచేసేది. అప్పటి విదేశాంగ మంత్రి మన పీవీ నరసింహారావు.

1993 మార్చిలో విదేశాంగ కార్యదర్శి జె.ఎన్. దీక్షిత్ రంగూన్ వెళ్లి అదే జనరళ్ల ప్రభుత్వంతో మాటలు కలిపాడు. ఈసారి పీవీ ప్రధాని. మరుసటి ఏడాదే సరిహద్దు వ్యాపార ఒప్పందం. 1995లో మిజోరం సరిహద్దున రెండు సైన్యాలూ కలిసి ఈశాన్య తిరుగుబాటుదారుల్ని చుట్టుముడుతున్న సమయంలోనే ఢిల్లీ బర్మా ప్రజాస్వామ్య నాయకురాలు ఆంగ్ సాన్ సూచీకి నెహ్రూ అవార్డు ప్రకటించింది, బర్మా సైన్యం అలిగి పక్కకు తప్పుకుంది. ఇప్పటి జంకుకు మూలం అక్కడే ఉందని నా నమ్మకం.

1,643 కిలోమీటర్ల సరిహద్దు, ఈశాన్య తీవ్రవాదులు, చైనా, ఇదీ ఢిల్లీ వాదన. సరే, కానీ చైనాను ఆపగలిగామా? మన ఓఎన్‌జీసీ, గెయిల్ వాటాలున్న బర్మా పడమటి అరకాన్ తీరపు గ్యాస్ కూడా పైపులైన్లో చైనాకే పోతోంది.

చెన్నై బీచ్ స్టేషన్ ఎదురుగా బర్మా బజార్ వైపు వెళ్తే, నూడుల్స్‌లో క్యాబేజీ, వేయించిన ఉల్లిపాయ, చింతపండు పులుసు వేసి చేత్తో కలిపి, పక్కన అరటిదవ్వ సూప్‌తో అత్తో ఇచ్చే బండ్లు కనిపిస్తాయి. 1962లో సైన్యాధిపతి నె విన్ గద్దెనెక్కాక కట్టుబట్టలతో ఓడ దిగినవాళ్లు తెచ్చిన రుచి అది. వాళ్లలో తమిళులతోపాటు రంగం (రంగూన్) వెళ్లి స్థిరపడిన మన తెలుగువాళ్లూ ఉన్నారు. 1964లో దుకాణాలు జాతీయం చేసి, పెద్ద నోట్లు రద్దు చేసి ఆ కుటుంబాల్ని రోడ్డున పడేసిన సైన్యంతో మెతగ్గా ఉంటే మంచి జరుగుతుందని వాళ్లకెవరు చెప్పి ఒప్పించగలరు?

2021 జూన్‌లో ఐరాస సర్వసభ్య సభలో 119 దేశాలు సైన్యాన్ని ఖండిస్తే, ఓటు వేయని 36 దేశాల్లో మనమూ ఉన్నాం. 2022 జులైలో నలుగురు ఉద్యమకారులను ఉరితీస్తే ‘తీవ్ర ఆందోళన’ అన్నాం, ఆ డిసెంబరులోనే భద్రతా మండలిలో చైనా, రష్యాలతోపాటు మళ్లీ ఓటింగ్‌కు దూరంగా ఉన్నాం.

మిజోరం మాత్రం వేరే దారి పట్టింది. బర్మా నుంచి పారిపోయి వచ్చేవాళ్లను రానివ్వొద్దని కేంద్రం చెప్పినా, వాళ్లు తమ రక్తసంబంధీకులని చేరదీసింది. 2024 ఫిబ్రవరిలో సరిహద్దు వెంట స్వేచ్ఛా రాకపోకలు ఆపేసి కంచె వేస్తామని కేంద్రం ప్రకటిస్తే, అదే నెలలో మిజోరం అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది.