ట్రాక్ టైర్లు రోడ్డు మీద: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో స్పోర్ట్స్ కార్లకు టైర్లు, అలైన్‌మెంట్ చూడటం నా పని. కొత్తగా కారు కొన్నవాళ్ళు చాలామంది ఒకటే అడుగుతారు: "అన్నా, కప్ 2 వేయించేస్తే కారు రోడ్డుకి అతుక్కుపోతుంది కదా?" కప్ 2 అంటే మిషెలిన్ పైలట్ స్పోర్ట్ కప్ 2. అదీ, పిరెల్లి ట్రోఫియో ఆర్ లాంటివీ ట్రాక్ టైర్లు, అంటే ముఖ్యంగా రేసు ట్రాక్ కోసం చేసినవి. నిజంగానే గొప్ప టైర్లు. అవి ఎక్కించి కారు బయటికి పంపుతుంటే నాకూ సంబరంగానే ఉంటుంది. కాకపోతే అవి ఎంత వేడి మీద పనిచేస్తాయో తెలుసుకోకుండా రోజూ ఆఫీసుకి, ఊళ్ళకి వాటి మీదే తిరగడం చూస్తే టెన్షన్‌గా ఉంటుంది.

అపోహ: ట్రాక్ టైరుకు ఎప్పుడూ గ్రిప్ ఎక్కువే.

వేడెక్కాకే ఎక్కువ. ట్రాక్ మీద ల్యాప్ తర్వాత ల్యాప్ గట్టి బ్రేకులు, గట్టి మలుపులు పడితే రబ్బరు 80 డిగ్రీలు దాటుతుంది. ఆ టైరు తయారైంది ఆ వేడి కోసమే. సిటీలో సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ పోతే అంత వేడి రాదు. డిసెంబరులో తెల్లవారుజామున సెల్లార్‌లోంచి కారు తీసి, మొదటి ఫ్లైఓవర్ దిగుతూ మలుపులో యాక్సిలరేటర్ కాస్త గట్టిగా నొక్కి చూడండి. చక్రం జారుతోందని చెప్పే ట్రాక్షన్ లైటు డాష్‌బోర్డు మీద టకటకా మెరుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు పైలట్ స్పోర్ట్ 4ఎస్ లాంటి మంచి రోడ్డు టైరే నమ్మకంగా పట్టుకుంటుంది.

వేడెక్కించడానికని స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతూ పోయేవాళ్ళున్నారు. దానివల్ల వచ్చే వేడి చాలా తక్కువ. టైరును నిజంగా వేడెక్కించేది గట్టి బ్రేకింగ్, గట్టి పికప్. అవి చేయాల్సిన చోటు అవుటర్ రింగ్ రోడ్డు కాదు.

అపోహ: గాడులు ఉన్నాయి కదా, వానలో ఫర్వాలేదు.

నాకు అన్నిటికంటే భయం ఈ మాటంటేనే. మామూలు కొత్త టైరులో గాడి లోతు దాదాపు 8 మిల్లీమీటర్లు. ట్రాక్ టైరులో కొత్తగా ఉన్నప్పుడే 5, 6 మిల్లీమీటర్లకు మించదు. పైగా బయటి అంచు వైపు చూస్తే దాదాపు అంతా నున్నటి రబ్బరే. మలుపులో కారు బరువంతా అటే పడుతుంది కాబట్టి కావాలనే అలా చేస్తారు. వెనక చక్రం 315 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే, అంత వెడల్పు కింద నుంచి నీళ్ళు పక్కకి పోవాలి. పోకపోతే టైరు నీటి మీద తేలుతుంది, ఆ క్షణంలో స్టీరింగ్, బ్రేకు రెండూ మన మాట వినవు. అరుగుదల గుర్తు 1.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడిదాకా వాడుకోవచ్చు అనుకుంటారు. వానలో ఇబ్బంది అంతకు చాలా ముందే మొదలవుతుంది.

మనవాళ్ళు ట్రాక్ డే కోసం, అంటే సొంత కారును రేసు ట్రాక్ మీద నడుపుకునే రోజు కోసం, ఎక్కువగా వెళ్ళేది చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై సర్క్యూట్‌కి. ఒక్క ల్యాప్ 3.7 కిలోమీటర్లు, ఇక్కడి నుంచి అక్కడికి 600 కిలోమీటర్ల పైమాటే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు, సూళ్ళూరుపేట వైపు ఈశాన్య రుతుపవనాల వానలు ఎలా కురుస్తాయో తెలిసిందే. వెళ్ళేటప్పుడు కొత్త టైర్లు, వచ్చేటప్పుడు ట్రాక్ మీద సగం అరిగిన టైర్లు, పైన కుండపోత వాన. ఈ తిరుగు ప్రయాణమే అసలు ప్రమాదం. మామూలు టైర్ల మీద వెళ్ళి, ట్రాక్ సెట్‌ను వేరే రిమ్‌లకు ఎక్కించి ఇంకో బండిలో పంపమని మా దగ్గరికి వచ్చే అందరికీ చెబుతాను. ఖర్చు ఎక్కువే. అయినా వేరే దారి చెప్పడానికి నాకు మనసొప్పదు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు ఎవరైనా టైర్లు గమనించారా? ఎండకీ వానకీ ఒకటే టైరు, దానికి గాడులున్నాయి. సిటీ రోడ్ల మీద పరిగెత్తే రేసు కారే గాడుల టైరు మీద నడుస్తోంది.

అపోహ: గాలి తగ్గిస్తే గ్రిప్ పెరుగుతుంది.

ఇది ట్రాక్ నుంచి సగమే విని తెచ్చుకున్న మాట. టైరులోని గాలి 5, 6 డిగ్రీలు వేడెక్కితే ప్రెషర్ సుమారు 1 పీఎస్ఐ పెరుగుతుంది. ట్రాక్ మీద లోపలి గాలి 40, 50 డిగ్రీలు పెరగొచ్చు, అంటే 7 నుంచి 9 పీఎస్ఐ. అందుకని అక్కడ చల్లగా ఉన్నప్పుడు 25 పెట్టి, వేడెక్కాక 33 దగ్గరికి వచ్చేలా చూసుకుంటారు. రోడ్డు మీద అంత వేడి రాదు కాబట్టి ఆ 25 కాస్తా 28, 29 దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు అంచులు అరుగుతాయి, నీటి మీద తేలడం ఇంకాస్త తక్కువ స్పీడులోనే మొదలవుతుంది. గుంతలో పడితే సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) రిమ్‌కీ గుంత అంచుకీ మధ్య నలిగి, లోపలి దారాలు తెగి ఉబ్బు వస్తుంది. ఆ ఉబ్బుకి రిపేరు లేదు, టైరు తీసెయ్యడమే. కారు కంపెనీ ఇచ్చిన నంబరే పెట్టండి, పొద్దున్నే బండి కదలకముందు చూడండి.

నైట్రోజన్ గురించీ అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. దానికోసం ప్రత్యేకంగా తిరగనక్కర్లేదు, తేమ లేని గాలి అయితే చాలు.

అపోహ: లోపలి అంచు అరిగిందంటే నెగెటివ్ క్యాంబర్ వల్లే.

క్యాంబర్ అంటే ముందు నుంచి చూస్తే చక్రం నిలువుగా కాక వాలి ఉండటం, పైభాగం లోపలికి వాలితే అది నెగెటివ్. అదీ కొంత కారణమే. ఎక్కువసార్లు అసలు దోషి టో, అంటే పైనుంచి చూస్తే చక్రం ముందు భాగం లోపలికో బయటికో తిరిగి ఉండటం. క్యాంబర్ మార్చి టో సరిచూడకుండా వదిలేస్తే చక్రం ప్రతి కిలోమీటరూ కాస్త పక్కకి ఈడ్చుకుంటూనే పోతుంది. తెలుసుకోవడం సులువే. చల్లారిన టైరు మీద అరచేతిని లోపలి నుంచి బయటికి, మళ్ళీ బయటి నుంచి లోపలికి నెమ్మదిగా పోనివ్వండి. ఒకవైపు నున్నగా ఉండి, ఇంకోవైపు రంపపు పళ్ళలా గుచ్చుకుంటే అది టో తేడా. ట్రాక్ టైరు మెత్తన కాబట్టి ఈ తప్పును అస్సలు సహించదు, కొద్ది వారాల్లోనే లోపలి దారాలు బయటపడతాయి. స్టీరింగ్ తిన్నగానే ఉంటుంది, బయటి అంచు కొత్తగా కనిపిస్తుంది. బండి లిఫ్ట్ ఎక్కేదాకా ఎవరికీ తెలియదు. క్యాంబర్ ముట్టుకున్న ప్రతిసారీ టో చూపించుకోండి.

అపోహ: గాడి మిగిలి ఉంటే టైరు బాగున్నట్టే.

బాగా వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ట్రాక్ టైరు రబ్బరు కొంచెం గట్టిపడుతుంది. "ఒక్క ట్రాక్ డే వాడినవే" అంటూ సగం ధరకి అమ్మే టైర్లు కొనేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. టైరు పక్కన ఉండే డాట్ కోడ్ చివరి నాలుగంకెలు కూడా చూడండి, అది ఎప్పుడు తయారైందో చెబుతాయి. 1223 అంటే 2023లో 12వ వారం.

ట్రెడ్‌వేర్ నంబరు (ఎక్కువైతే టైరు నెమ్మదిగా అరుగుతుందని అర్థం) పట్టుకుని లెక్కలు వేసేవాళ్ళూ ఉన్నారు. పైలట్ స్పోర్ట్ 4ఎస్‌కి 300, ట్రోఫియో ఆర్‌కి 60. ఆ నంబరు ఇచ్చుకునేది టైరు కంపెనీయే. ఒకే కంపెనీ టైర్లను పోల్చుకోవడానికి పనికొస్తుంది, కిలోమీటర్లు లెక్కేయడానికి కాదు.

అపోహ: పూర్తి స్లిక్స్ (గాడులే లేని రేసు టైర్లు) వేసి తిరిగినా ఎవరూ ఆపరు.

రోడ్డు వాడకానికి కాదని వాటి మీదే రాసి ఉంటుంది. ఇక్కడ అమ్మే కారు టైరుకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. అడ్డదారిలో తెచ్చి ఇస్తే మా షాపులో ఎక్కించం.

అపోహ: ముందు రెండు మార్చితే చాలు.

ముందు ట్రాక్ టైర్లు, వెనక మామూలు టైర్లు అయితే మలుపులో ముందు పట్టుకుని వెనక జారుతుంది, బండి గిర్రున తిరుగుతుంది. నాలుగు చక్రాలూ లాగే నిస్సాన్ జీటీ-ఆర్ లాంటి కార్లలో ఇంకో చిక్కు ఉంది. ముందు వెనక చుట్టుకొలతల మధ్య ఉండాల్సిన లెక్క తప్పితే గేర్‌బాక్స్ లోపలి క్లచ్‌లు నిరంతరం జారుతూ వేడెక్కి పాడవుతాయి. టైరు ఖర్చు దాని ముందు ఏపాటిది? నాలుగూ ఒకే మోడల్, ఒకే అరుగుదల ఉన్నవి వేయించుకోండి. పోర్షే అయితే సైడ్‌వాల్ మీద ఎన్0, ఎన్1 లాంటి పోర్షే ఆమోద గుర్తు కూడా నాలుగింటికీ ఒకటే ఉందో లేదో, బిల్లు కట్టకముందే చూసుకోండి.