అపోహలు - వాస్తవాలు: అడుగున చైనా అక్షరాలుంటే కోట్లేనా?

ఎర్రగడ్డ ఆదివారం సంత అయిపోతే చాలు, సోమవారం పొద్దున్నుంచి నా వాట్సాప్ నిండా గిన్నెల అడుగులే. గిన్నెను బోర్లించి, అడుగునున్న నీలం అక్షరాలను మాత్రం దగ్గరగా ఫొటో తీసి పంపుతారు. "సార్, ఇది మింగ్ కాలందేనా? ఎంత పలుకుతుంది?" మింగ్ అంటే 1368 నుంచి 1644 వరకు చైనాను ఏలిన వంశం. పాత పింగాణీ చూసి, అతికి, విలువ చెప్పడం నా పని. అడగడంలో తప్పులేదు. కానీ ఎవరో వీడియోలో చెప్పిన ముక్క నమ్మి జనం కష్టార్జితం పోగొట్టుకుంటుంటే ఒళ్ళు మండుతుంది.

అపోహ: అడుగున చక్రవర్తి పేరుంటే అది ఆయన కాలందే.

కానే కాదు. ఇదొక్కటి బుర్రకెక్కితే చాలు, సగం మోసాలు ఆగిపోతాయి. అడుగున సాధారణంగా ఉండే ఆరక్షరాలను కుడి వరుస నుంచి ఎడమకు, పైనుంచి కిందికి చదవాలి. మొదటి రెండూ వంశం, తర్వాతి రెండూ చక్రవర్తి, చివరి రెండూ 'కాలంలో చేసినది' అని. మింగ్ చక్రవర్తి చెంగ్‌హువా ఏలింది 1465 నుంచి 1487 వరకు. ఆయన పేరును రెండొందల ఏళ్ళ తర్వాత, కాంగ్షీ చక్రవర్తి (1662-1722) హయాంలో, చైనా పింగాణీకి పేరుపడ్డ జింగ్‌డెజెన్ ఊరి పనివాళ్ళు బోలెడన్ని పాత్రల మీద రాశారు. వాళ్ళ ఉద్దేశం మోసం కాదు, పాత పనితనం మీద గౌరవం. పైగా 1677లో అక్కడి అధికారి కాంగ్షీ పేరు పింగాణీ మీద రాయొద్దన్నాడు. గిన్నె పగిలితే చక్రవర్తి పేరు చెత్తలో పడుతుందని ఆయన భయం. అందుకే ఆ కాలపు అసలైన పాత్రల్లో కొన్నిటి అడుగున రెండు నీలం వలయాలు మాత్రమే ఉండి మధ్యలో ఖాళీగా ఉంటుంది. కొన్నిటికి ఆకు బొమ్మ ఉంటుంది. మళ్ళీ 19వ శతాబ్దం చివర్లో కాంగ్షీ పేరునే నాలుగక్షరాల్లో రాసి, నీలం మీద తెల్లపూల మూతజాడీలు విపరీతంగా తయారుచేశారు. ఇవాళ కొత్తగా చేసేవాళ్ళూ అవే పేర్లు వేస్తున్నారు. పేరు రాయడానికి కుంచె ఉంటే చాలు కదా.

మనవాళ్ళు నాకు పదే పదే పంపే రెండు వార్తలే చూడండి. న్యూయార్క్ రాష్ట్రంలో ఒకరు ఇంటిముందు అమ్మకంలో 3 డాలర్లకు కొన్న తెల్లగిన్నె 2013లో వేలంలో 22 లక్షల డాలర్లు దాటింది. అది మింగ్ కంటే ముందు ఏలిన సోంగ్ వంశం కాలంలో, డింగ్ బట్టీల్లో చేసిన గిన్నె. ఇంకొకటి కనెక్టికట్‌లో 35 డాలర్లకు దొరికిన నీలం-తెలుపు గిన్నె, 15వ శతాబ్దం మొదట్లోది. 2021లో 7,21,800 డాలర్లకు పోయింది. ఈ రెండింటి అడుగునా చక్రవర్తి పేరు లేదు. అక్షరాలే చూసి ఏరుకునేవాళ్ళయితే రెండింటినీ పక్కన పడేసేవాళ్ళు.

మరి ఏం చూడాలి? గ్లేజు, అంటే గాజులాంటి పైపూత, లేని అడుగు అంచు మీద వేలు తిప్పండి. ఏళ్ళ తరబడి బల్లల మీద జరిగిన అంచు నున్నబడి ఉంటుంది. కొత్తది గరుకుగా ఉంటుంది, లేదంటే టీ డికాషన్ పట్టించినట్టు ఒకేలా గోధుమరంగులో ఉంటుంది. తర్వాత కిటికీ దగ్గర పాత్రను వాల్చి చూడండి. వాడకంతో పడ్డ గీతలు నానా దిక్కులకూ ఉంటాయి, చెయ్యీ గరిటె తగిలే చోటే ఎక్కువగా ఉంటాయి. గరుకు కాగితంతో రుద్దినవి ఒకే దిక్కుకు పోతాయి. పదింతల భూతద్దంలో నీలం రంగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది అచ్చు, కుంచె పని కాదు.

మలక్‌పేట నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. జుమ్మెరాత్ బజార్‌లో వాళ్ళబ్బాయి పదిహేను వేలకు కొన్న జాడీని చీరలో చుట్టి తెచ్చారు. "ఇదమ్మి పిల్ల పెండ్లి చేద్దామనుకున్నం బిడ్డా" అన్నారు. కింద చక్కగా ఆరక్షరాలు, లోపలంతా కొత్త మట్టి వాసన. ఎలా చెప్పాలో తెలియక నేను తటపటాయిస్తుంటే, దెబ్బ తగలకుండా జాడీ కింద పెట్టుకొచ్చిన పళ్ళెం మీద నా కన్ను పడింది. ముదురాకుపచ్చ రంగు, బరువు, అంచున ఒక పగులు. తిప్పి చూస్తే అక్షరం ముక్క లేదు. అడుగున గ్లేజు లేని వెడల్పాటి వలయం, ఎర్రగా కాలి ఉంది. చైనాలోని లాంగ్‌చువాన్‌లో చేసిన ఇలాంటి ఆకుపచ్చ పళ్ళేలను బట్టీలో వలయాకారపు దిమ్మ మీద నిలబెట్టి కాల్చేవారు. ఆ గుర్తే అది. ఇంట్లో దాన్ని తులసి కుండీ కింద వాడుతున్నారట. పగులు ఉంది కాబట్టి కోట్లు రావు. అయినా ఆ పళ్ళెం అమ్మిన డబ్బుతో ఆ జాడీ లాంటివి ఒక సంచీ నిండా కొనొచ్చు. "గీ పలిగిందానికా?" అని ఆవిడ ఎంతసేపటికీ నమ్మలేదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా విభాగం చూసి రమ్మని పంపాను. మీరూ వెళ్ళండి. అసలైనవి కళ్ళారా చూడకుండా నకిలీ పట్టుకోవడం ఎవరి వల్లా కాదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. విషం పెడితే పగిలిపోయే ఘోరీ పళ్ళెం అనేది నవాబుల కాలపు కథ. గ్లేజు అంటే గాజు, దానికి విషం సంగతి తెలియదు. మీటితే ఖంగుమంటే పగుళ్ళు లేవని అర్థం, పాతదని కాదు. గ్లేజు మీద సన్నని నెరియలు కొత్తవాటికీ వేయొచ్చు. వంతెన, రెండు పిట్టలు, విల్లో చెట్టు ఉన్న నీలం ప్లేట్లు చాలామటుకు ఇంగ్లండ్‌వి, ఆ డిజైన్ పుట్టిందే అక్కడ. ఇంగ్లిష్‌లో 'చైనా' అని రాసుంటే సాధారణంగా 1891 తర్వాతిది, ఎందుకంటే అమెరికా సుంకాల చట్టం దేశం పేరు వేయమన్నది అప్పటినుంచే.

దొరికినదాన్ని తళతళలాడించాలని పీచుతో తోమకండి, యాసిడ్‌లో నానబెట్టకండి. బంగారు గీత, గ్లేజు మీది రంగులు పోతే మళ్ళీ రావు. పగిలిన ముక్కలను ఫెవిక్విక్‌తో అతికించొద్దు. విడివిడిగా కాగితంలో చుట్టి తెస్తే నాకు సగం పని తప్పుతుంది.

ఇక అన్నిటికంటే కోపం తెప్పించేది ఇది. ఫొటో చూసి "మీది అసలు మింగ్, లండన్‌లో పార్టీ రెడీ, టెస్టింగ్ చార్జీలు ముందు పంపండి" అని ఫోన్లు చేసే ముఠాలున్నాయి. రైస్ పుల్లింగ్ చెంబు మోసానికి ఇది తమ్ముడే. నిజమైన వేలం సంస్థ ఫొటో చూసి కోటి రూపాయలు ఖాయమని చెప్పదు. పైగా 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన పురావస్తువును ప్రైవేటు వ్యక్తి దేశం దాటించడం నేరం, అది చైనాలో తయారైనదైనా సరే. అలాంటి వ్యాపారం చేసేవాళ్ళకు లైసెన్సు ఉండాలి, అడిగి చూడండి. ఇప్పటికే డబ్బు పంపేసి, ఇంట్లో చెప్పుకోలేక నిద్రపట్టని వాళ్ళు నాకు తెలుసు. టెన్షన్ పడుతూ కూర్చోవద్దు, సిగ్గుపడాల్సింది మీరు కాదు. మెసేజ్‌లు, చెల్లింపు రసీదులు చెరిపేయకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును ఖాతాలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.