ఖాళీ రోడ్డు మీద నెమ్మదెందుకు?

చిన్నారులకు,

మొన్న కావలి నుంచి నెల్లూరు వస్తుంటే దారిలో వాన పట్టుకుంది. మా అబ్బాయి కారు వేగం తగ్గించాడు. "రోడ్డు ఖాళీగానే ఉంది కదా తాతయ్యా, నాన్న ఎందుకు తగ్గించాడు?" అని మా మనవరాలు అడిగింది. దానికి చెప్పిందే మీకూ రాస్తున్నాను.

నా చిన్నప్పుడు మాకు ఒంగోలు ఎడ్ల జత ఉండేది. పదేళ్ళప్పుడు నాన్న మొదటిసారి పగ్గాలు నా చేతికిచ్చాడు. నడిచేటప్పుడు పగ్గం కాస్త బిగిస్తే చాలు, నిలబడేవి. సాయంత్రం ఇంటిదారి పట్టగానే పరుగందుకున్నాయి. ఎంత సంతోషమో నాకు! అంతలో మలుపులో లేగదూడ అడ్డమొచ్చింది. బలమంతా పెట్టి పగ్గాలు గుంజాను. ఎడ్లు మాట విన్నాయి, బండి వినలేదు. వెనక నుంచి వాటిని తోసుకుంటూ వచ్చేసింది. దూడే పక్కకు దూకి బతికింది. నాన్న నన్ను కొట్టలేదు. దాని దగ్గరికి తీసుకెళ్ళి డొక్క మీద చెయ్యి పెట్టమన్నాడు. ఆ గుండె దడ నా అరచేతికి ఇప్పటికీ గుర్తే.

కారూ ఆ బండి లాంటిదే. బ్రేకు చక్రాన్ని ఆపుతుంది, బరువు మాత్రం ముందుకే పోతానంటుంది. దాన్ని పట్టి ఆపాల్సింది టైరు. ఆ టైరు నేలను తాకే చోటు మన అరచేయంత. బురదలో ఎద్దు గిట్ట జారినట్టే తడి రోడ్డు మీద టైరూ జారుతుంది. వేగం రెండింతలైతే, బ్రేకు వేశాక ఆగడానికి నాలుగింతల దూరం కావాలి. అడ్డమొచ్చింది చూసి కాలు బ్రేకు మీదికి వెళ్ళడానికే దాదాపు ఒక సెకను పడుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ ఒక్క సెకనులో కారు 28 మీటర్లు వెళ్ళిపోతుంది!

బోర్డు మీద అంకె అందుకోవాల్సిన వేగం కాదు, దాటకూడని హద్దు. వానలో అంతకంటే తగ్గాలి. మన 16వ నంబరు హైవే ఊళ్ళ పక్కనుంచే పోతుంది. ఖాళీగా కనిపించే రోడ్డు మీదికి ఏ గేదె వస్తుందో, ఏ సైకిలు తాత వస్తాడో చెప్పలేం. వెనక సీట్లో కూర్చున్నా బెల్టు పెట్టుకోండి. బండెక్కితే హెల్మెట్టు మరవొద్దు.

ఈసారి కారులో వెళ్ళేటప్పుడు ఒకటి చేసి చూడండి. ముందు లారీ కిలోమీటరు రాయి దాటగానే సెకన్లు లెక్కపెట్టండి. మీ కారు ఆ రాయిని చేరేలోపు మూడు రావాలి, వానైతే ఆరు. రాకపోతే నాన్నకు చెప్పండి. ఆ రోజు కోవూరు రాకముందే మాకు ముందొక లారీ తగిలింది. మా మనవరాలి లెక్క నాలుగు దగ్గరే ఆగిపోయింది. వాళ్ళ నాన్న ఏమీ అనకుండా ఇంకాస్త వెనక్కి తగ్గాడు.

మీ తాతయ్య