లెచ్‌వర్త్ భూమి ఎవరిది?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

గార్డెన్ సిటీ అంటే ఏమిటో రాయమన్నారు. పార్కులు, చెట్లు ఎక్కువున్న ఊరేగా అని మీలో ఒకరు అన్నారట. చెట్లు ఉన్న మాట నిజమే. అయితే ఆ ఆలోచన కన్న మనిషి పట్టుకున్న ప్రశ్న వేరు. ఊరు పెరిగితే భూమి ధర పెరుగుతుంది కదా, ఆ డబ్బు ఎవరికి చెందాలి?

ఆయన పేరు ఎబినీజర్ హోవార్డ్. 1850లో లండన్‌లో పుట్టారు. ఇంజనీరు కాదు, ఆర్కిటెక్టు కాదు. పదిహేనో ఏటే చదువు మానేశారు. కుర్రతనంలో అమెరికా వెళ్లి నెబ్రాస్కాలో సేద్యం మొదలుపెడితే అచ్చిరాలేదు. తిరిగొచ్చి షార్ట్‌హ్యాండ్ రాసి బతికారు. పార్లమెంటులో సభ్యుల ప్రసంగాలు పొల్లుపోకుండా రాసుకోవడమే ఉద్యోగం. ఏ పార్టీవాళ్లు లేచినా పల్లెలు ఖాళీ అవుతున్నాయని, పట్నాలు కిక్కిరిసిపోతున్నాయని ఒకే మాట. 1801లో పదిలక్షలున్న లండన్, శివార్లతో కలిపి 1901 నాటికి 65 లక్షలయింది. ఒక్క గదిలో కాపురాలు, తల ఎత్తితే పొగ.

1898లో ఆయన ఒక పుస్తకం అచ్చువేశారు. అందులో మూడు అయస్కాంతాల బొమ్మ ఉంటుంది. ఒకటి పట్నం: జీతాలు ఉంటాయి, అద్దెలు భరించలేం. రెండోది పల్లె: గాలి, వెలుతురు ఉంటాయి, పని దొరకదు. మూడోది రెండింటి మంచినీ కలిపిన ఊరు, అదే గార్డెన్ సిటీ. నడుమ, ‘జనం ఎటు పోతారు?’ అన్న ప్రశ్న. ఆయన లెక్కలో 6,000 ఎకరాల్లో వెయ్యి ఎకరాలే ఊరు, చుట్టూ ఉన్న 5,000 ఎకరాలూ పొలాలు, జనాభా 32,000. ఊరు నిండితే పొలాల్లోకి పాకకూడదు. వాటికి అవతల ఇంకో ఊరు కట్టి రైలు వేయాలి.

ఇక డబ్బు సంగతి. ఇది నిదానంగా చదవండి. బైపాస్ పడుతోందట, ఎకరం ధర రెట్టింపయిందట అని మన ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడుకోవడం వినే ఉంటారు. ఆ పొలం కొని ఊరికే ఉంచుకున్నవాళ్లు ధర పెరగడానికి చేసిందేమీ లేదు. రోడ్డు వచ్చింది, జనం వచ్చారు, ధర లేచింది. హోవార్డ్ ఏమన్నారంటే, అప్పు తెచ్చి సాగుభూమిని ఎకరం 40 పౌన్ల చొప్పున ముందే కొందాం. దాన్ని ముక్కలు చేసి అమ్మవద్దు. జనం తరఫున ధర్మకర్తల చేతిలో ఉంచి, ఇళ్లకూ దుకాణాలకూ ఫ్యాక్టరీలకూ లీజుకిద్దాం. వచ్చే అద్దెతో ముందు వడ్డీ కడదాం, తర్వాత అసలు తీరుద్దాం. మిగిలింది రోడ్లకు, బడులకు, ముసలివాళ్ల పింఛన్లకు వాడదాం. ఊరు ఎదిగేకొద్దీ అద్దె పెరుగుతుంది, అది ఊరికే తిరిగొస్తుంది. పట్టణ ప్రణాళికలో నేను చదివినవాటిలో ఇంత న్యాయమైన ఆలోచన మరొకటి లేదు.

1903లో లండన్‌కి ఉత్తరాన, దాదాపు 55 కిలోమీటర్ల దూరంలో లెచ్‌వర్త్ దగ్గర, ఇందుకోసమే ఒక కంపెనీ పెట్టి, 3,818 ఎకరాలు కొన్నారు. ప్లాన్ గీసింది రేమండ్ అన్విన్, బారీ పార్కర్. అక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది. అందుకని ఫ్యాక్టరీలను తూర్పువైపు పెట్టారు, పొగ ఇళ్లమీదికి రాకుండా. ఎకరానికి పన్నెండు ఇళ్లు మించవద్దని, ప్రతి ఇంటికీ కూరగాయలు పండించుకునే పెరడు ఉండాలని అన్విన్ పట్టుదల. 1905లో, 150 పౌన్లకే ఇల్లు కట్టి చూపించండంటూ అక్కడే ఒక ప్రదర్శన పెడితే జనం రైళ్లెక్కి వచ్చారు.

డబ్బు దగ్గర మాత్రం ఇబ్బంది పడ్డారు. పెట్టుబడి పెట్టినవాళ్లకు ఏడాదికి 5 శాతానికి మించి లాభం ఇవ్వమని ముందే చెప్పడంతో వాటాలు సరిగా అమ్ముడుపోలేదు. అద్దెను కొన్నేళ్లకొకసారి భూమి విలువను బట్టి సవరించాలని హోవార్డ్ కోరిక. ఫ్యాక్టరీల వాళ్లు ఒప్పుకోలేదు. చివరికి 99 ఏళ్ల పాటు మారని అద్దెకు లీజులిచ్చారు. ఎదిగే ఊరితో పాటు అద్దె ఎదగడమే పథకానికి ప్రాణం, అది అక్కడే దెబ్బతిన్నదని నా అభిప్రాయం.

హోవార్డ్ ఆగలేదు. 1919లో, డెబ్భై ఏళ్లు దగ్గరపడుతుండగా, చేతిలో చాలినంత డబ్బు లేకపోయినా మిత్రుల సాయంతో వేలంలో భూమి పాడి, వెల్విన్ గార్డెన్ సిటీ మొదలుపెట్టారు. 1928లో ఆ ఊళ్లోనే కన్నుమూశారు.

తర్వాత ఆ రెండు ఊళ్లకూ చెరో దారి అయింది. వెల్విన్‌ను 1948లో ప్రభుత్వం న్యూటౌన్‌గా, అంటే ప్రభుత్వమే పెంచే కొత్త పట్టణంగా చేసి తన కార్పొరేషన్ కిందికి తెచ్చుకుంది. లెచ్‌వర్త్ కంపెనీ వాటాలను 1960లో బయటి వ్యాపారులు కొనేశారు. ఊరివాళ్లు ఊరుకోలేదు, పార్లమెంటు దాకా పోయారు. 1962లో చట్టమే చేయించి ఆస్తిని ప్రజా సంస్థ చేతికి తెచ్చుకున్నారు. 1995 నుంచి దాన్ని ఒక హెరిటేజ్ ఫౌండేషన్ చూస్తోంది. దుకాణాలు, ఆఫీసులు, పొలాల అద్దెలతో ఊళ్లో సినిమాహాలు, చికిత్సా కేంద్రం నడుస్తున్నాయి. అక్కడి జనాభా ఇప్పుడు 33 వేల పైచిలుకు, హోవార్డ్ వేసిన లెక్కకు దగ్గరే.

ఆయన గీసిన గుండ్రటి పటాలు దొరికితే చూడండి. ఇది నమూనా మాత్రమేనని, స్థలం ఎంచుకున్నాకే ప్లాన్ గీయాలని బొమ్మ మీదే రాసి ఉంటుంది. సందేహాలుంటే జవాబులో రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య